స్విచ్చి లేని వెలుగు

నెదర్లాండ్స్ ఉత్తరాన, సముద్రానికి అడ్డంగా 32 కిలోమీటర్ల పొడవున ఒక కరకట్ట ఉంది. పేరు అఫ్‌స్లాయిట్‌డైక్. దాని మీదుగా ఏ7 రహదారి పోతుంది. రాత్రిపూట ఆ దారిన వెళ్లేవాళ్లకు అటు నీళ్లు, ఇటు నీళ్లు, పైన ఆకాశం, అన్నీ ఒకటే నలుపు. ఆ నలుపులోంచి ఉన్నట్టుండి తెల్లని గీతలు లేస్తాయి. నిలువు గీతలు, వాటిని కలిపే అడ్డగీతలు, వాటి పక్కన అలాంటివే మరికొన్ని. చూస్తుండగానే బారులు తీరిన టవర్ల వరస ఒకటి ఎదుట నిలబడుతుంది. కారు ముందుకు సాగేకొద్దీ దగ్గరి టవర్ మీద వెలుగు సన్నగిల్లి, దూరాన ఉన్నది అందుకుంటుంది. దాటేశాక అద్దంలో చూసుకుంటే వెనక మళ్లీ చీకటే.

అక్కడ బల్బు లేదు. కరెంటు తీగ లేదు. బ్యాటరీ, సోలార్ పలక, సెన్సర్, కంప్యూటర్ ఏవీ లేవు. వెలిగిందల్లా ఆ కారు హెడ్‌లైట్లే. అవి వెళ్లి ఆ కాంక్రీటును తాకి, వచ్చిన దారినే తిరిగొచ్చాయి.

ఈ పని పేరు ‘గేట్స్ ఆఫ్ లైట్’. చేసినవాడు రోటర్‌డామ్‌లో స్టూడియో నడిపే డాన్ రోజెగార్డె. కరకట్టను పునరుద్ధరించే కార్యక్రమంలో భాగంగా డచ్చి ప్రభుత్వం అడిగితే చేశాడు. 2017 నవంబరులో ప్రజల ముందుకు వచ్చింది. పర్యావరణం పేరు చెప్పుకుని చేసిన వెలుగు కళాకృతుల్లో ఇంత తక్కువ ఖర్చు పెట్టి ఇంత ఎక్కువ చూపించినదాన్ని నేను మరొకటి ఎరుగను. ఖర్చు అంటే డబ్బు లెక్క కాదు. భూమి మీద మోపిన భారం లెక్క. ఆ లెక్క తేలాలంటే ముందు ఆ టవర్ల సంగతి చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ కళాకృతిలో సగం పని 1932 నాటికే పూర్తయింది.

నెదర్లాండ్స్ భూభాగంలో సుమారు పాతిక శాతం సముద్ర మట్టం కంటే దిగువన ఉంటుంది. ఆ దేశం నడిబొడ్డులోకి జోయిడర్‌జే అనే ఉప్పునీటి ఉపసముద్రం ఒకటి చొచ్చుకుని ఉండేది. 1916 జనవరిలో తుపానుకు దాని చుట్టూ ఉన్న కట్టలు తెగి ఊళ్లు మునిగాయి. దాని మూతి మూసేయాలన్న ఆలోచన అప్పటికి కొత్తది కాదు. కోర్నెలిస్ లేలీ అనే ఇంజనీరు 1891లోనే నమూనా గీసి పెట్టుకున్నాడు. వరద వచ్చేనాటికి ఆయనే జలవనరుల మంత్రి. 1918లో చట్టం వచ్చింది.

కట్టే ముందు ఒక చిక్కు ప్రశ్న తేలాలి. సముద్రం మూతి మూసేస్తే బయట మిగిలిన నీటిలో ఆటుపోట్లు ఎంత పెరుగుతాయి? తుపాను వేళ అల ఎంత ఎత్తు లేస్తుంది? ఆ లెక్క కట్టే సంఘానికి అధ్యక్షుడిగా హెండ్రిక్ లోరెంట్జ్‌ను పెట్టారు. ఆయన ఇంజనీరు కాదు, భౌతికశాస్త్రవేత్త. వెలుగు మీద అయస్కాంత ప్రభావాన్ని వివరించినందుకు 1902లో జేమన్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నవాడు. ఎనిమిదేళ్లపాటు, చేత్తో, కాగితం మీద లెక్కలు చేయించి 1926లో నివేదిక ఇచ్చాడు. తర్వాత కట్ట పూర్తయ్యాక కొలిచి చూస్తే ఆయన చెప్పిన ఎత్తులకూ వచ్చిన ఎత్తులకూ దగ్గరగా సరిపోయాయి. ఆ సరిపోవడం చూడటానికి ఆయన లేడు. 1928లో పోయాడు. లేలీ కూడా మరుసటి ఏడు పోయాడు. 1932 మే 28న చివరి గండి పూడింది. ఉప్పు సముద్రం కాస్తా ఐసెల్‌మేర్ అనే మంచినీటి సరస్సు అయింది.

కట్టలో వాడిన సరుకు కూడా చాలావరకు ఆ నీటి అడుగునే దొరికిన గట్టి బంకమట్టి. దాని కింద విల్లో కొమ్మలతో అల్లిన పెద్ద పెద్ద చాపలు పరిచి, రాళ్లు పోసి ముంచేవారు. అలలు తాకే వాలు మీద బసాల్టు రాతి స్తంభాలను ఒక్కొక్కటీ చేత్తో ఎంచి, పక్కదానికి అతికేలా తిప్పి నిలబెట్టేవారు. రాతికీ రాతికీ మధ్య సందు ఎంత తక్కువుంటే కట్ట అంత కాలం నిలుస్తుంది. అది తెలిసిన చేతులు చేసిన పని అది.

సరస్సులోకి నదులు నీళ్లు తెస్తూనే ఉంటాయి గనుక, సముద్రం వెనక్కి తగ్గిన వేళ ఆ నీటిని బయటకు వదలాలి. అందుకు కట్టకు రెండు చివర్లలో గేట్లు పెట్టారు. డెన్ ఊవర్ దగ్గర 15, కోర్న్‌వెర్డర్‌జాండ్ దగ్గర 10, మొత్తం 25 తూములు. గేట్లు పైకీ కిందికీ ఎత్తే యంత్రాంగం కోసం తూములకు రెండు వైపులా కాంక్రీటు టవర్లు లేపారు. అవి 60. ఒక గేట్ల సముదాయానికి పాతకాలపు గణితవేత్త, ఇంజనీరు సిమోన్ స్టెవిన్ కొడుకు హెండ్రిక్ స్టెవిన్ పేరు పెట్టారు. రెండో దానికి లోరెంట్జ్ పేరు. వెలుగు గుట్టు విప్పి నోబెల్ తెచ్చుకున్న మనిషి పేరున్న గేట్ల మీద 85 ఏళ్ల తర్వాత వెలుగుతోనే కళాకృతి వెలిసింది. ఎవరూ పనిగట్టుకుని కలిపింది కాదు, చరిత్ర అలా కలిసొచ్చింది. నాకు మాత్రం ఆ కలయిక చాలా ఇష్టం.

ఆ టవర్లకు రూపం ఇచ్చింది డిర్క్ రోసెన్‌బుర్గ్ అనే వాస్తుశిల్పి. ఈ కాలంలో ప్రపంచమంతా పేరున్న వాస్తుశిల్పి రెమ్ కూల్‌హాస్‌కు ఆయన తాత, తల్లివైపు. ఐండ్‌హోవెన్‌లో ఫిలిప్స్ కంపెనీ బల్బుల ఫ్యాక్టరీని, ఇవాళ ‘తెల్ల దొరసాని’ అన్న పేరుతో జనం పిలిచే ఆ భవనాన్ని, గీసింది కూడా ఆయనే. గేట్ల యంత్రాలు దాచడానికి నాలుగు గోడలు లేపితే సరిపోయేది. ఎవరూ అడిగేవారు కాదు. కానీ రోసెన్‌బుర్గ్ వాటిని నిలువు గీతల్లో, అలంకారం ఏమీ లేకుండా, ఒకదాని వెనక ఒకటి లయగా నిలబెట్టాడు. పగలు చూస్తే వాటిలో కోట బురుజుల గాంభీర్యం ఉంటుంది. రాత్రి అయితే అంతా నలుపులో కలిసిపోయేది. బండ్లు వేగంగా పోయే దారి కాబట్టి పగలు కూడా చాలామంది చూడకుండానే దాటిపోయేవారు.

రోజెగార్డె చేతికి వచ్చిన కట్టడం ఇదీ. ఇప్పుడు ఆయన ఏం చేశాడో చూద్దాం.

ఇలాంటి పని అప్పగిస్తే సాధారణంగా ఏం జరుగుతుందో మనకు తెలుసు. గోడ అడుగున ఫ్లడ్ లైట్లు పాతుతారు. రంగులు మార్చే ఎల్‌ఈడీలు బిగిస్తారు. వాటికి తీగలు, పెట్టెలు, టైమర్లు, ఏడాది తిరక్కుండానే మాడిపోయే కొన్ని బల్బులు, వాటిని మార్చే టెండర్లు. రోజెగార్డె ఆ దారి పట్టలేదు. టవర్లను ముందు మరమ్మతు చేశారు. ఆ తర్వాత వాటి అంచుల వెంట, రోసెన్‌బుర్గ్ గీసిన గీతల మీదే, వెలుగును తిప్పి పంపే సన్నని పొర ఒకటి అతికించారు. పని అంతే.

ఆ పొర సంగతి కొంచెం దగ్గరగా చూడాలి. మన లారీల వెనక ఎర్రగా తెల్లగా మెరిసే పట్టీలు ఉంటాయే, జనం రేడియం స్టిక్కర్లు అంటారు, ఆ కుటుంబానికి చెందినదే. మామూలు అద్దం మీద వెలుతురు ఏటవాలుగా పడితే అవతలి వైపుకు పోతుంది. తెల్ల సున్నం గోడ మీద పడితే అన్ని వైపులకూ చెదురుతుంది. ఈ పొర మీద పడితే మాత్రం ఎటునుంచి వచ్చిందో అటే తిరిగిపోతుంది. దానికి కారణం అందులో కిక్కిరిసి ఉన్న, కంటికి విడిగా ఆనని చిన్న చిన్న పట్టకాలు. ఒక్కో పట్టకంలో మూడు ముఖాలు, ఒకదానికొకటి లంబంగా కలిసిన మూల. క్యారమ్ బోర్డు మూలలో స్ట్రైకర్‌ను ఒక అంచుకు కొడితే అది రెండో అంచును కూడా తాకి, వచ్చిన దారికి సమాంతరంగా మన వైపే తిరిగొస్తుంది గుర్తుందా? అక్కడ రెండు అంచులు, ఇక్కడ మూడు ముఖాలు. వెలుతురు మూడుసార్లు తగిలి, వచ్చిన దిక్కుకే మళ్లుతుంది. పొరను ఎంత కోణంలో అతికించారన్నదానితో పెద్దగా పని లేదు. 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి మీద పెట్టి వచ్చిన పరికరంలో ఇలాంటి మూలలే 100 ఉన్నాయి. భూమి నుంచి లేజర్ కాంతి పంపితే అది మళ్లీ భూమికే వస్తుంది. ఆ వచ్చే సమయాన్ని బట్టి చంద్రుడి దూరాన్ని కొలుస్తున్నారు.

ఇక్కడే ఒక సున్నితమైన విషయం ఉంది. ఈ పొర మరీ కచ్చితంగా పనిచేస్తే మనకు పనికిరాదు. హెడ్‌లైటు నుంచి బయల్దేరిన వెలుగు మళ్లీ హెడ్‌లైటులోకే పోతే డ్రైవరుకు ఏం కనపడుతుంది? డ్రైవరు కళ్లు దీపం కంటే కొంచెం ఎత్తులో ఉంటాయి. అందుకని రోడ్ల కోసం ఇలాంటి సరుకు తయారుచేసేవాళ్లు ఆ కచ్చితత్వాన్ని కావాలనే కొద్దిగా సడలిస్తారు. తిరిగొచ్చే వెలుగు సన్నని శంఖువులా విచ్చుకుని, దీపం చుట్టూ కొంత మేర పరుచుకుని, పైనున్న కళ్లను కూడా అందుకుంటుంది. ఎక్కువ విచ్చుకుంటే పలచబడిపోతుంది, తక్కువ విచ్చుకుంటే కళ్లకు చేరదు. ఆ మధ్య ఉన్న కాస్త చోటులో పని నెరపడమే దాని తయారీలోని నేర్పు. కారు దగ్గరికి వచ్చేకొద్దీ టవర్, దీపం, కన్ను మధ్య కోణం పెరుగుతుంది. కన్ను ఆ శంఖువు బయటకు జారిపోతుంది. దగ్గరి టవర్ సన్నగిల్లి దూరపుది వెలగడానికి కారణం అదే. ఎవరో ప్రోగ్రాము రాసి ఆడిస్తున్నట్టు కనపడే ఆ కదలికను నడిపేది జ్యామితి ఒక్కటే. లారీ డ్రైవరు దీపాల కంటే బాగా ఎత్తున కూర్చుంటాడు కాబట్టి అతనికి అదే వరస కొంచెం మసకగా కనపడుతుంది. చిన్న కారు డ్రైవరుకు మరింత తేజంగా ఉంటుంది. ఒకే రోడ్డు, ఒకే క్షణం, ఇద్దరికి రెండు రకాల వెలుగు.

దీని వల్ల వచ్చే మరో ఫలితం నన్ను బాగా ఆలోచింపజేసింది. వెలుగు పంపినవాడి దగ్గరికే తిరిగొస్తుంది గనుక, ఎవరి దీపంతో వాళ్లే చూడాలి. దీపం లేకుండా రోడ్డు పక్కన నిలబడ్డ మనిషికి, పక్కన కార్లు పోతున్నా, ఆ గీతలు దాదాపు కనపడవు. ఎదురుగా వచ్చే డ్రైవరు కళ్లలో ఆ మెరుపు కొట్టదు. ఫోటో తీయాలన్నా కెమెరా పక్కనే దీపం ఉండాలి. వేలమంది చూసే బహిరంగ కళాకృతి ఇది. అయినా ప్రతి బండికీ దాని ప్రదర్శన దానిదే. నగరం నడుమ భవనం మొత్తాన్ని తెర చేసి బొమ్మలు ఆడించే ప్రదర్శనలో, చూడాలనుకున్నా వద్దనుకున్నా అందరి కళ్ల మీదా అదే వెలుతురు వచ్చి పడుతుంది. ఇక్కడ అలాంటి బలవంతం లేదు. పక్క ఊళ్లో నిద్రపోతున్నవాడి కిటికీ మీద ఒక్క కిరణం కూడా అదనంగా పడదు.

కళాకారుడి ఎంపికల్లో నేను మెచ్చుకునేది గీతను అంచుకే పరిమితం చేయడం. టవర్ గోడనంతా ఆ పొరతో కప్పి ఉంటే అది పెద్ద ట్రాఫిక్ బోర్డులా మండేది. చూసే కన్ను చెదిరేది, కట్టడం కనపడేది కాదు. అంచులు మాత్రమే మెరిస్తే మిగతా గోడ చీకట్లోనే ఉంటుంది, ఆ చీకటికి ఒక ఆకారం వస్తుంది. అసలు నమూనా గీసేటప్పుడు రోసెన్‌బుర్గ్ కాగితం మీద పెన్సిలుతో గీసింది కూడా ఆ గీతలే. రాత్రి రోడ్డు మీద కనపడేది ఒక రకంగా ఆ నమూనాయే. రోజెగార్డె తన సొంత గీత ఒక్కటి కూడా కలపలేదు. రంగు కూడా కలపలేదు, తెలుపుతో సరిపెట్టాడు. పేరున్న కళాకారుడు ఒక చారిత్రక కట్టడం మీద చేయి వేసి, తన గుర్తు వదలకుండా పాతవాడి చేతిపనిని వెలుగులోకి తెచ్చి పక్కకు తప్పుకోవడం తరచుగా జరిగే పని కాదు. ఆ తప్పుకోవడానికి చాలా ఆత్మవిశ్వాసం ఉండాలి.

ఈ పని గురించి చెప్పేటప్పుడు ఆయన స్టూడియో సీతాకోకచిలుక రెక్కలను గుర్తుచేస్తుంది. శాస్త్రరీత్యా రెండూ ఒకటి కాదు. కొన్ని సీతాకోకచిలుకల రెక్కల మీద నీలి మెరుపు పలచని పొరల మధ్య వెలుగు పెనవేసుకోవడం వల్ల వస్తుంది. ఇక్కడ మూడు ముఖాల మూల వల్ల వస్తుంది. అయినా బంధుత్వం లేకపోలేదు. రెండు చోట్లా మెరుపు పుట్టేది నిర్మాణం లోంచే. రెక్క ఏ శక్తినీ ఖర్చు చేయదు, గోడా చేయదు.

చీకటి విలువ తెలియకపోతే ఈ నిగ్రహం విలువా పూర్తిగా తెలియదు. కరకట్టకు బయట ఉన్నది వాడెన్ సముద్రం. పోటు వేళ నీళ్లు, ఆటు వేళ కనుచూపు మేర బురద మైదానాలు. ఆ బురదలోని పురుగులు, నత్తల కోసం ఏటా సుమారు కోటి వలస పక్షులు అక్కడ దిగుతాయి. 2009లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. రాత్రిపూట ప్రయాణించే పక్షులు దీపాలు వెలిగే కట్టడాల వైపు ఆకర్షితమై దారి తప్పుతాయన్నది లైట్‌హౌసుల కాలం నుంచీ తెలిసిన సంగతే. ఆ ప్రాంతంలోనే టెర్స్‌హెల్లింగ్ దీవిలోని బోస్‌ప్లాట్, ప్రధాన భూమి మీది లౌవర్స్‌మేర్ రాత్రి చీకటిని కాపాడే పార్కులుగా గుర్తింపు పొందాయి. అంటే అక్కడివాళ్లు చీకటిని కూడా నీటిలాగా, నేలలాగా కాపాడుకోవలసిన వనరుగా చూస్తున్నారు. అలాంటి చోట 60 టవర్లకు రాత్రంతా ఫ్లడ్ లైట్లు కొట్టి ‘పర్యావరణ కళ’ అని బోర్డు పెట్టి ఉంటే అంతకంటే అన్యాయం ఉండదు. రోజెగార్డె పనిలో రోడ్డు ఖాళీ అయిన క్షణం నుంచీ టవర్ల మీద వెలుగు సున్నా. తెల్లవారుజామున ఏ బండీ లేనప్పుడు పక్షికి కనపడేది 1932 నాటి చీకటే.

2017లోనే ఇదే కట్ట మీద ఆయన ఇంకో రెండు పనులు కూడా చూపించాడు. కొన్ని నెలలకు మాత్రమే ఉద్దేశించినవి. ఒకటి గాలిపటాలు ఎగరేసి, వాటి తాడు లాగుడు నుంచి కరెంటు తీసే ప్రయత్నం. తాడే రాత్రిపూట ఆకాశంలో వెలుగు గీతగా కదిలేది. ఆ ఆలోచన మొదట వుబ్బో ఒకెల్స్‌ది, అంతరిక్షంలోకి వెళ్లిన డచ్చి వ్యోమగామి ఆయన. రెండోది కట్ట మీది ఒక పాత సైనిక బంకరులో, తాకితే మెరిసే సముద్రపు శైవలాలతో చేసిన గది. అడుగు వేసిన మేర నీలంగా వెలిగేది. రెండూ అందమైనవే. అయితే నా తూకంలో టవర్లకు సాటి రావు. శైవలాలకు రోజూ పోషణ కావాలి. గాలిపటానికి మనుషులు కావాలి. టవర్ మీది పొరకు మురికి పట్టినప్పుడు కడగడం తప్ప మరో సేవ అక్కర్లేదు. ఉప్పుగాలి తగిలే చోట ఆ తేడా చిన్నది కాదు.

అంతకుముందు ఆయన చేసిన పనులు కూడా ఇక్కడికి రావడానికి మెట్లలా కనపడతాయి. 2014లో న్యూనెన్ దగ్గర, ఒకప్పుడు వాన్ గో నివసించిన ఊరు అది, పగటి ఎండను దాచుకుని రాత్రి మెరిసే రాళ్లతో సైకిల్ దారి వేశాడు. దాచుకున్న వెలుగు గంటలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది, అది ఆ సరుకు స్వభావం. 2015లో ‘వాటర్‌లిఖ్ట్’ చేశాడు. ఎల్‌ఈడీలు, కటకాలు, పలచని పొగతో జనం తలల పైన నీలి అలల కప్పు ఒకటి పరిచాడు. కట్టలు లేకపోతే నీళ్లు ఇంత ఎత్తున ఉండేవి అని చెప్పడం ఉద్దేశం. ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియం మైదానంలో జనం దాని కింద తలలెత్తి నడిచారు. ఆ పని గొప్ప హెచ్చరిక. కానీ దానికి తీగలు కావాలి, రాత్రి ముగిశాక సర్దుకుని వెళ్లిపోవాలి. దాచుకున్న వెలుగు నుంచి, ప్రసరించిన వెలుగు నుంచి, తిప్పి పంపే వెలుగు దాకా వచ్చేసరికి ఆయన పనిలో సరంజామా తగ్గుతూ వచ్చింది.

ఇదే దారిలో నడిచిన మరో పనిని కూడా చెప్పకుండా ఉండలేను. స్కాట్లాండ్ పడమటి దీవుల్లో నార్త్ ఉయిస్ట్ అనే దీవి మీద లాక్‌మ్యాడీ అనే చిన్న రేవు ఊరు ఉంది. అక్కడి మ్యూజియం గోడల మీద 2018లో ఫిన్‌లాండ్ కళాకారులు పెక్కా నీట్టువిర్తా, టిమో ఆహో తెల్లని వెలుగు గీత ఒకటి గీశారు. పోటు వచ్చినప్పుడు సెన్సర్లు కనిపెట్టి ఆ గీతను వెలిగించేవి. సముద్రం పెరిగితే తుపాను వేళ నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అది చూపించేది. రాబోయే నీటి భయంతో ఆ మ్యూజియం అప్పటికి ఉన్న చోట విస్తరించుకోలేని స్థితిలో ఉంది. ఆ సంగతి తెలిసి చూస్తే గోడ మీది గీత గుండెలో గీసినట్టు ఉండేది. ఆ పనికి కొంచెం కరెంటు కావలసి వచ్చింది, అయినా ఉన్న గోడనే వాడుకుంది, చెప్పవలసిన ఒక్క మాటనే చెప్పింది. ఈ రెండు పనుల్లోనూ గీత తెల్లనిదే, సన్ననిదే. వెలుగును పొదుపుగా వాడినచోట చూపు దానంతట అదే నిలుస్తుందని రెండూ రుజువు చేశాయి.

రోజెగార్డె పని మీద ఒక ఆక్షేపణ ఉంది. దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. పెట్రోలు కాల్చే కార్లు లేకపోతే వెలగని దాన్ని పర్యావరణ కళ అని ఎలా అంటాం? చూడాలంటే కారెక్కి పోవాలి కదా? నిజమే. ఇది వాహనాలను ప్రశ్నించదు, ఉన్న రాకపోకలను ఉన్నట్టే తీసుకుంటుంది. అక్కడ నాకూ కొంత వెలితి ఉంది. కాకపోతే ఆ హెడ్‌లైట్లు ఎలాగూ వెలుగుతున్నవే. అప్పటిదాకా నల్లని గోడల మీద పడి వృథా అవుతున్న వెలుతురులో కొంత భాగాన్ని ఆయన వెనక్కి తెచ్చి ఇచ్చాడు. సూత్రానికి కారే కావాలని కూడా లేదు, సైకిల్ దీపమైనా టార్చి లైటైనా చాలు. రేపు కార్లన్నీ బ్యాటరీతో నడిచినా, వాటి సంఖ్య సగానికి తగ్గినా ఈ పని చెడిపోదు. తగ్గిన మేరకు తక్కువసార్లు వెలుగుతుంది.

ఆ కట్ట పని మాత్రం ఇంకా ముగియలేదు. పెరుగుతున్న సముద్రాన్ని తట్టుకోవడానికి దాన్ని మళ్లీ బలోపేతం చేస్తున్నారు. ఒక్కొక్కటి 6,500 కిలోల బరువుండే కొత్తరకం కాంక్రీటు దిమ్మెలు 75 వేల దాకా తయారుచేసి వాలు మీద పేర్చారు. ఒకప్పుడు బసాల్టు రాళ్లను చేత్తో అమర్చినవాళ్ల మనవలు ఈసారి క్రేన్లతో అదే పని చేశారు. ఆ టవర్ల మీది గీతలను చూసి ‘ఇక్కడ ఏముంది?’ అని ఎవరైనా ఒక్క క్షణం ఆగి అడిగితే, ఆ ప్రశ్నకు జవాబులో ఇదంతా వస్తుంది. వాతావరణ మార్పు మీద పెట్టే పోస్టర్లకంటే అది మేలైన ప్రవేశం అని నా నమ్మకం.

ఇలాంటి కట్టడాలు మనకు లేవా? ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద కాటన్ పేరుతో ఉన్న బ్యారేజీకి 175 గేట్లు. విజయవాడ ప్రకాశం బ్యారేజీకి 70. రెండింటి మీదుగా రోడ్డు ఉంది, రాత్రిపూట బండ్లు పోతాయి, హెడ్‌లైట్లు పిల్లర్ల మీద పడుతూనే ఉంటాయి. పండగలు వస్తే వాటికి రంగురంగుల దీపాల తోరణాలు కడతాం. ఆ నాలుగు రోజులూ చూడముచ్చటగానే ఉంటాయి. కానీ ఆ దీపాల వెనక ఉన్న ఇంజనీర్ల చేతిపని, రాతి పని, గేట్ల వరస లయ ఆ వెలుతురులో కనపడవు. ఈసారి అలంకరణకు అంచనాలు తయారుచేసే అధికారులకు, ఆ పని చేపట్టే యువ కళాకారులకు నా మనవి ఒక్కటే. కొటేషన్లు పిలిచే ముందు, దీపాలన్నీ ఆర్పించి, ఒక రాత్రి ఆ బ్యారేజీ మీద ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకే ఒక్క బండి హెడ్‌లైటు వెలుగులో వెళ్లి చూడండి. కట్టినవాడు ఏ గీతలు గీశాడో ముందు అవి కాగితం మీద దించుకోండి. తర్వాత ఎన్ని బల్బులు కావాలో, అసలు కావాలో వద్దో నిర్ణయించండి.